వెనుక పట్టిన అద్దము

హోసూరులో బాగలూరు దారిలోనున్న ఒక చిన్న మంగలి అంగడిలో, ఆదివారమునాటి ఉదయమున నా వంతుకై నేను వేచియుండగా, నాకు ముందుగా కుర్చీ నెక్కిన యువకుడొకడు, ఇరువదియారేండ్లకు మించని ప్రాయమువాడు, రాత్రిపాళీ ముగించుకొని ఇల్లు చేరకయే వచ్చినట్లు కంపెనీ చొక్కాతోనే యున్నవాడు, అద్దములో తన నొసటిని చాలసేపు పరికించి, "అన్నా, ముందరపక్క రొంత పొడుగ్గా ఇడిచిపెట్టు, యెంటికెలు రాలిపోతానే ఉండాయి" అని మెల్లగా అనెను. "మాత్తర తింటా ఉండావు కదప్పా, నిలిపేసినావా?" అని క్షురకు డడిగెను. "నిలపలేదన్నా. మూడు నెల్ల నుంచి దినానికొకటి తింటానే ఉండా" అని ఆతడు బదులు చెప్పెను. నెలజీతములో ఇంటికి పంపవలసినది పంపి, గదియద్దె చెల్లించి, మిగిలినదానిలోనుండి కొన్ని వందల రూపాయలను ఆ విటమిను మాత్రల సీసాకై వెచ్చించుచున్న యొక కష్టజీవి ఆందోళన ఆ మాటలో వినబడెను.

పని ముగిసిన పిదప క్షురకుడు అలవాటుచొప్పున ఒక చేతియద్దమును ఆ యువకుని తలవెనుక పట్టెను. ముందరి అద్దములో కణతలకు పైభాగమున రెండువైపుల జుట్టు వెనుకకు తగ్గియుండెను. నడినెత్తిన సుడిచుట్టును చర్మము తెల్లగా కనబడుచుండెను. వెనుకటి అద్దములోనన్ననో, ఒక చెవినుండి రెండవ చెవివరకు, మెడపైనంతటను, రాగినారుమడివలె దట్టమైన జుట్టు నిగనిగలాడుచుండెను. విటమిను మాత్రలు బట్టతలను మాన్పగలవా యన్న ప్రశ్నకు సమాధానము ఆ రెండద్దముల నడుమనే యున్నదని నాకు ఆ క్షణమున తోచెను. ఆ మాత్రలలోని సత్త్వమును మోసికొనిపోవు రక్తము ఒక్కటియే గదా! అది నడినెత్తికి ఎట్లు పోవునో, మెడపైకిని అట్లే పోవును. రక్తములో ఏదో లోపించుటచేతనే జుట్టు రాలుచున్నచో, ఆ లోపము నడినెత్తిని మాత్రమే బాధించి, నాలుగంగుళముల దూరములోనున్న వెనుకతలను ఏల విడిచిపెట్టవలెను?

ఈ రీతి జుట్టు క్రమముగా తగ్గుట పురాతనులకు తెలియనిది కాదు. ఆయుర్వేదాచార్యుడైన వాగ్భటుడు ఇంద్రలుప్తమను కేశరోగమును, ఖలతి యను బట్టతలను వేరుచేసి, ఖలతియందు కేశములు క్రమక్రమముగా రాలునని గుర్తించెను. ఆధునికులలో జేమ్స్ హామిల్టన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1951లో ఈ క్రమమును దశలుగా విభజించగా, నార్వుడ్ అను వైద్యుడు 1975లో దానిని సవరించి ఏడు దశలుగా ఏర్పరచెను. నేటికిని చర్మవైద్యులు ఆ కొలతనే వాడుచున్నారు. హోసూరు చెంతనున్న తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ కేశరహితమైన శిరస్సు ఒక తరము భారతీయులందరికిని పరిచితము. ఆ శిరస్సులోని మేధకు వెంట్రుకల సాయ మెన్నడును అవసరపడలేదు. కాని ఇరువదియారేండ్లవానికి, పెండ్లిచూపులకు పోవలసినవానికి, ఈ ఓదార్పు చాలదని నేనెరుగుదును. అతనికి కావలసినది నిజము, అదియు పూర్తిగా.

మొదట ఆ మాత్రపై జనులకు గల విశ్వాసము ఎక్కడనుండి వచ్చెనో విచారింతము. ఏలయన అది గాలిలో పుట్టిన విశ్వాసము కాదు. కేశములకని అమ్మబడు మాత్రలలో ప్రధానద్రవ్యము బయోటిన్ అను విటమిను. 1927లో మార్గరెట్ బోస్ అను పరిశోధకురాలు ఎలుకలకు పచ్చి గ్రుడ్డుతెల్లసొనను ప్రధానాహారముగా పెట్టగా, వాని చర్మము పగిలి, రోమములు ఊడిపోయెను. పచ్చి తెల్లసొనలో అవిడిన్ అను మాంసకృత్తు ఒకటి కలదు. అది బయోటిన్‌ను గట్టిగా పట్టుకొని ప్రేగులలో దేహమునకు అందనీయదు. గ్రుడ్డును ఉడికించినచో ఆ శక్తి నశించును. ఆ లోపమును తీర్చు పదార్థమునకు పాల్ గ్యోర్గీ అను శాస్త్రజ్ఞుడు, జర్మనుభాషలో చర్మమునకు కేశమునకు గల పేర్ల మొదటి అక్షరమును బట్టి, 'విటమిన్ హెచ్' అని నామకరణము చేసెను. పేరులోనే కేశమున్న విటమిను కేశములను పెంచునని జనులు తలచుటలో ఆశ్చర్యమేమి? ఈ సందర్భమున ఒక మాట చెప్పక తప్పదు. మన ప్రాంతపు వ్యాయామశాలలలో కండలకై నామక్కల్ గ్రుడ్లను పచ్చిగా పగులగొట్టి త్రాగు యువకులు కొందరు కలరు. వారు ఆ గ్రుడ్లను ఉడికించి తిన్నచో వానిలోని బయోటిన్ వ్యర్థము కాకుండును.

లోపమున్నచోట లోపమును తీర్చుట వైద్యము. లోపములేనిచోట మరింత పోయుట వేరొక విషయము. నీరు చాలక మన కృష్ణగిరి జిల్లా మెట్టలలో రాగిచేను ఎండిపోవుటను మనము చూచుచునే యున్నాము. అంతమాత్రమున, తగినంత పదునున్న చేనికి మోకాలిలోతు నీరు పెట్టినచో వెన్నులు రెండింతలగునని ఏ రైతును నమ్మడు. మనుష్యునికి దినమునకు సుమారు 30 మైక్రోగ్రాముల బయోటిన్ చాలునని అమెరికాలోని పోషకాహార నిపుణులు నిర్ణయించిరి; గ్రుడ్డు, వేరుసెనగ, పప్పుధాన్యములు తిను సామాన్యునికి అది ఆహారములోనే లభించును. అంగడిలోని మాత్రలలో పెక్కింటియందు 5,000, లేదా 10,000 మైక్రోగ్రాములుండును. శరీరము తనకు వలసినది తీసికొని తక్కినదానిని మూత్రముద్వారా విసర్జించును.

నిజమైన పోషణలోపము శిరస్సుపై ఎట్లు కనబడునో మన దేశమునకు తెలిసినంతగా మరియొక దేశమునకు తెలియదేమో. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ స్థాపించిన చిన్న పరిశోధనశాల పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, జాతీయ పోషకాహార సంస్థగా నేడు వెలయుచున్నది. దాని సారథ్యమును చాలకాలము వహించిన కొలుతూరు గోపాలన్ మాంసకృత్తుల లేమిచే పీడితులైన పసిపిల్లలను గూర్చి జీవితకాలము పరిశోధించెను. అట్టి పిల్లల జుట్టు రంగుమాసి, పలుచనై, లాగినంతనే చేతికి వచ్చును. కొన్నాళ్లు తిండి దొరికి కొన్నాళ్లు దొరకనిచో, ఒకే వెంట్రుకపై నలుపును ఎరుపును పట్టెలుపట్టెలుగా ఏర్పడును. వైద్యులు దానిని జెండాగుర్తు అందురు. ఆ వెంట్రుక ఆ బిడ్డ తిన్న దినములకును పస్తున్న దినములకును వ్రాతమూలకమైన సాక్ష్యము. కాని ఆ బిడ్డల తలలపై కణతలవద్ద మాత్రమే జుట్టు తగ్గి వెనుక నిలుచుట కానరాదు. ఆకలికి పక్షపాతము లేదు. అది తలనంతటిని తాకును.

జ్వరమును అట్టిదే. మన తలపై సుమారు లక్ష వెంట్రుకలుండగా, వానిలో నూటికి ఎనుబదియైదు తొంబది పెరుగుదశయందును, తక్కినవి విశ్రాంతిదశయందును ఉండును. పెరుగుదశ రెండు మొదలు ఆరేండ్లవరకు సాగును, విశ్రాంతిదశ సుమారు మూడునెలలు. డెంగీయో, టైఫాయిడో, కోవిడో వచ్చినపుడు, దేహము తన శక్తిని ప్రాణరక్షణకు మళ్లించుటచే, పెరుగుచున్న వెంట్రుకలలో పెక్కు ఒక్కమారుగా విశ్రాంతికి పోవును. రెండు మూడు నెలల పిమ్మట, జ్వరమును మరచిపోయిన తరువాత, అవన్నియు గుప్పెళ్లకొలది దువ్వెనలోనికి వచ్చును. భయపడినవాడు మందులషాపునకు పోయి మాత్రలు కొనును; మరికొన్ని మాసములకు జుట్టు తనంతట తాను తిరిగి వచ్చును; కీర్తి మాత్రకు దక్కును. అతడు అబద్ధమాడుట లేదు, కన్నదే చెప్పుచున్నాడు. ఆ మాట నమ్మి బట్టతల ఆరంభమైన మిత్రుడు అదే సీసాను కొనును. ఈ పరంపరలో ఎవ్వరును మోసగాండ్రు కారు, ఐనను ధనము పోవుచునే యుండును. బోరునీటి ఉప్పదనమునకును, శిరస్త్రాణమునకును జనులు ఆపాదించు దోషము కూడ ఇట్టిదే. ద్విచక్రవాహనములు తయారగు ఈ ఊరిలో హెల్మెట్టుపై ఆ నింద మరీ ఎక్కువ. ఐతే హెల్మెట్టు వెనుకతలను కూడ కప్పునుగదా, అక్కడి జుట్టు ఏల చెక్కుచెదరకున్నది?

ఇక అసలు కారణమునకు వత్తము. యుక్తవయస్సునకు ముందే బీజములు కోల్పోయిన పురుషులకు బట్టతల రాదని అరిస్టాటిల్ కాలమునాడే గమనించియుండిరి. హామిల్టన్ 1942లో అట్టివారిని పరీక్షించి, వారికి పురుషహార్మోనును సూదిమందుగా ఇచ్చినప్పుడు, ఎవరి వంశమునందు బట్టతల కలదో వారికి మాత్రమే జుట్టు రాలుట ఆరంభమైనదని ప్రకటించెను. అనగా హార్మోను ఒక్కటియు చాలదు, వంశలక్షణ మొక్కటియు చాలదు, రెండును కలియవలెను. తరువాత 1974లో జూలియాన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీయు ఆమె సహచరులును డొమినికన్ రిపబ్లిక్ దేశములోని ఒక గ్రామమున, టెస్టోస్టెరోన్ అను పురుషహార్మోనును మరింత తీవ్రమైన రూపమునకు మార్చు ఎంజైము పుట్టుకతోనే లోపించిన కుటుంబములను కనుగొనిరి. ఆ కుటుంబముల పురుషులు కండపుష్టి గలవారై పెరిగిరి, వారి గొంతు బొంగురుపోయెను, కాని వారి నొసటిపై జుట్టు వెనుకకు తగ్గలేదు. ఆ తీవ్రరూపమునకు డైహైడ్రోటెస్టోస్టెరోన్ అని పేరు. అది నడినెత్తిన గల కేశకూపములను సంవత్సరములు గడచినకొలది కుదించును. ఐదేండ్లు పెరుగవలసిన వెంట్రుక ఒక యేడు, పిమ్మట కొన్ని మాసములు మాత్రమే పెరిగి, తుదకు పసిబిడ్డ నూగువలె సన్నమై కంటికి ఆనకుండ పోవును. ఆ హార్మోనే గడ్డమును దట్టముగా పెంచుచున్నది! ప్రకృతి ఒకే ఆజ్ఞను రెండు తావులకు పంపగా, ఒక తావు వికసించుటయు, మరియొక తావు ముడుచుకొనుటయు ఏల సంభవించునన్నది నన్ను ఎన్నియో రాత్రులు ఆలోచింపజేసిన విషయము.

వెనుకటి అద్దమునకు సమాధానము న్యూయార్కులోని నార్మన్ ఒరెన్‌ట్రైక్ అను చర్మవైద్యుని చేతిలో దొరికెను. అతడు వెనుకతలనుండి చర్మపు ముక్కలను తీసి బట్టతలపై నాటగా, ఆ వెంట్రుకలు క్రొత్తచోటనున్నను తమ పూర్వస్వభావమును విడువక పెరుగుచునే యుండెను. ఈ విషయమును అతడు 1959లో ప్రకటించెను. పొలము మారినను విత్తు మారలేదు. అదే రక్తము, అదే చర్మము, అవే విటమినులు. భేదమంతయు కూపముయొక్క జన్మలక్షణములో నున్నది. నేటి కేశారోపణ చికిత్సలన్నియు ఈ ఒక్క సత్యముపైననే నిలిచియున్నవి.

రూపమును గూర్చి మేనమామ పోలిక యని మనవారు చెప్పు మాటకు ఈ విషయమున కొంత ఆధారము లేకపోలేదు: హార్మోనును గ్రహించు గ్రాహకమునకు చెందిన జన్యువు ఎక్స్ క్రోమోసోముపై, అనగా పురుషునికి తల్లివలన మాత్రమే సంక్రమించుదానిపై, కలదు. ఐనను అది యొక్కటియే కాదు. తండ్రివైపునుండి వచ్చు జన్యువులును పెక్కు తోడగును. 2003లో ఆస్ట్రేలియాలోని కవలలపై జరిగిన పరిశీలన, పురుషులలో కనబడు ఈ భేదములో సుమారు ఐదింట నాలుగువంతులు వంశపారంపర్యమని తేల్చెను. మాత్ర జన్యువును మార్చదు.

విటమినులకు కేశములతో సంబంధమే లేదని నేననుట లేదు. అట్లనినచో ఒక తెలుగువాని మహత్కార్యమును నేనే కించపరచినవాడ నగుదును. 1895లో భీమవరమున జన్మించి, సోదరులను స్ప్రూ అను ప్రేగువ్యాధికి కోల్పోయి, తానును దానికి గురియై ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికి బయటపడిన ఎల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలలో సహచరులతో కూడి 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించెను. ఆ విటమిను లేనిదే కణము రెండుగా చీలజాలదు. కేశమూలములోని కణములు దేహమంతటిలో మిక్కిలి వేగముగా చీలువానిలో చేరినవి. ఫోలిక్ ఆమ్లమును అడ్డగించు అమినోప్టెరిన్ అను ఔషధమును కూడ సుబ్బారావు బృందమే సిద్ధపరచగా, దానితో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు 1948లో రక్తకాన్సరు సోకిన పసివారికి కొంతకాలముపాటు ఊరట చేకూర్చెను. అదే ఏట సుబ్బారావు కన్నుమూసెను. అట్టి ఔషధములు అధికమైనపుడు జుట్టు ఊడును, అదియు తలయంతటను. విటమిను నిజముగా తెగిపోయినపుడు కేశకూపము ఎట్లు మూల్గునో మనకు అట్లు తెలిసెను. ఆ మూల్గు ముందుతలకు మాత్రమే పరిమితము కాదు.

విటమినుల పక్షమున చెప్పదగిన సాక్ష్యమున్నచో దానిని దాచుట న్యాయము కాదు. 2010లో మలేషియా శాస్త్రజ్ఞులు విటమిన్ ఇ జాతికి చెందిన టోకోట్రైయీనాలులను 21 మందికి ఎనిమిది మాసములిచ్చి, మందులేని వట్టి మాత్రలు తిన్న 17 మందితో పోల్చి, మొదటివారి వెంట్రుకల సంఖ్య సుమారు మూడవవంతు పెరిగినదని వ్రాసిరి. ఫలితము ఆకర్షణీయమే, కాని ముప్పదియెనిమిది మందిపై నిలిచిన గోపురము. విటమిన్ డి బట్టతలవారిలో తక్కువగా కనబడినదని చెప్పిన పరిశీలనలు కొన్ని కలవు. ఐనను పగలంతయు కర్మాగారపు కప్పుక్రిందను, రాత్రిపాళీ చేసి పగలు నిద్రలోను గడుపువారికి అది తక్కువగుట సహజము, అది బట్టతలకు తోడుగా కనబడినంతమాత్రమున కారణము కానేరదు. వీనితో పోల్చదలచినచో, 1998లో ప్రకటితమైన, ఫినాస్టెరైడ్ అను మందుపై జరిగిన పరీక్షను చూడవలెను: 18 మొదలు 41 ఏండ్లవరకు వయస్సుగల 1,553 మంది పురుషులు; రెండేండ్లు గడచిన పిమ్మట, ఛాయాచిత్రములను చూచి నిపుణులు తీర్పుచెప్పగా, మందు తిన్నవారిలో నూటికి 66 మందికి, వట్టిమాత్ర తిన్నవారిలో నూటికి ఏడుగురికి జుట్టు మెరుగైనట్లు తేలెను. ఆ డొమినికన్ గ్రామపు పురుషులలో పుట్టుకతో లోపించిన ఎంజైమునే ఈ మందు అణచును. కొద్దిమందికి దాంపత్యజీవితమున ఇబ్బంది కలిగించుటచేతను, గర్భిణులు దానిని తాకరాదు కావునను, వైద్యుని అనుమతి లేక దాని జోలికి పోరాదు. తలకు పూయు మినాక్సిడిల్ మొదట రక్తపోటునకు తినిపించిన మందు; రోగుల దేహముపై రోమములు పెరుగుటచే దాని ఈ ఉపయోగము బయటపడినది. అదియు కొంత పనిచేయును, మానినచో లాభమును పోవును.

"పోనిండు, విటమినేగదా, మేలు చేయకున్నను కీడు చేయదు" అని పలుమంది అందురు. ఈ మాట కృష్ణగిరి జిల్లాలో ఎవ్వరును అనరాదని నా ప్రార్థన. స్వల్పమాత్రలో పంటికి మేలుచేయు ఫ్లోరైడు, భూగర్భజలములో హెచ్చుటచేత, ధర్మపురి కృష్ణగిరి జిల్లాల గ్రామములలో పండ్లు పసుపుబారి ఎముకలు బిగిసిన మనుష్యులను మనము కన్నులార చూచితిమి. ఆ కష్టమును మాన్పుటకే హొగెనకల్ నుండి కావేరిజలమును ఊరూరికి తెచ్చు పథకమును నిర్మింపవలసి వచ్చెను. మేలుచేయు పదార్థమునకును హద్దు కలదనుటకు ఇంతకు మించిన పాఠ మేది? కేశముల విషయములోనే చూచినను, విటమిన్ ఏ హెచ్చినచో జుట్టు రాలును. 1912-13లో అంటార్కిటికా మంచులో తిండిలేక తమ బండికుక్కల కాలేయమును తిన్న అన్వేషకుడు డగ్లస్ మాసన్ జుట్టును చర్మమును కోల్పోయి బయటపడెను, అతని సహచరుడు మెర్ట్జ్ మరణించెను. ఆ కాలేయములోని విటమిన్ ఏ యే దానికి కారణమని పిమ్మటి శాస్త్రజ్ఞులు ఊహించిరి. కేశమాత్రలలో చేర్చబడు సెలీనియమును అట్టిదే. 2008లో అమెరికాలో ఒక ద్రవరూప పోషకమునందు 200 మైక్రోగ్రాములుండవలసిన సెలీనియము పొరపాటున దానికి సుమారు రెండువందల రెట్లు కలియగా, రెండువందలమందికి పైగా అస్వస్థులైరి. వారిలో పెక్కుమందికి జుట్టు ఊడిపోయెను. జుట్టుకై తాగునదే జుట్టును తీసికొనిపోగలదు.

మన చట్టము కూడ ఈ విషయమున మౌనముగా లేదు. 1945నాటి ఔషధ నియమావళిలోని జే అను అనుబంధములో, ఏ వ్యాధులను మాన్పుదుమని ఏ మందును చెప్పుకొనరాదో వాని పట్టికలో బట్టతలయు చేర్చబడియున్నది. అందుచేతనే సీసాపై 'కేశారోగ్యమునకు తోడ్పడును' వంటి మెత్తని మాటలుండును. చదువువాడు మాత్రము ఆ మెత్తదనము వెనుక తన ఆశను తానే నింపుకొనును.

ఆ యువకుని మరల రెండు నెలల పిమ్మట అదే అంగడిలో చూచితిని. రాత్రిపాళీలవలన నిద్రపట్టక, గుండె దడదడలాడుచున్నదని వైద్యునివద్దకు పోగా, రక్తపరీక్షలో థైరాయిడ్ మితిమీరి పనిచేయుచున్నట్లు వచ్చెనట. ఆ వైద్యుడు అనుభవజ్ఞుడు. మందు వ్రాయకముందే, "వేరే మాత్రలేవైనా తింటా ఉండావా?" అని అడిగెను. పెక్కు ప్రయోగశాలలలో థైరాయిడ్ పరీక్షలను బయోటిన్ సహాయముతో చేయుదురు. రక్తములో అది మితిమీరియున్నచో యంత్రము ఒక హార్మోనును లేనంత తక్కువగను, మరియొకదానిని ఉన్నదానికంటె ఎక్కువగను చూపి, లేని జబ్బును ఉన్నదని పలుకును. గుండెపోటును పసికట్టు ట్రోపోనిన్ పరీక్షలో దీనికి విరుద్ధముగా, ఉన్న జబ్బును లేదని పలుకుటయు కలదు. అట్టి తప్పు ఫలితమువలన ఒకరు మరణించినట్లు తెలియవచ్చుటచే, అమెరికాలోని ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2017 నవంబరులో వైద్యులను హెచ్చరించెను. యువకుడు వారముదినములు మాత్రను మాని మరల పరీక్ష చేయించుకొనగా అంతయు సరిగానే యుండెను. విటమిన్ డి మాత్రము తక్కువగా వచ్చినదట; దానికి మందు ఇచ్చుచు, ఇది ఎముకలకే గాని జుట్టునకు గాదని ఆ వైద్యుడు ముందే చెప్పినాడట.

ఇంటనున్న ఆ సీసాను ఏమి చేసితివని నేనడిగితిని.

"అట్లే పెట్టుండా సార్. అంత దుడ్డు పెట్టి కొనింది, పారేసేదానికి మనసు రాలా" అని ఆతడు అద్దములోనికి చూచుచునే చెప్పెను.